కొంచెం జరగండి, తాత కూర్చుంటాడు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా బుచ్చిరెడ్డిపాలెంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు మాట్లాడిన మాటలివి. ఆ సాయంత్రం వాన వల్ల రాలేకపోయినవాళ్ళు అడిగితే, రికార్డు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప వేరే ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

వారోత్సవాలు కదా, ఏదైనా పుస్తకం గురించి మాట్లాడతానని వచ్చుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను, నాలుగు కాగితాలు రాసుకున్నాను కూడా. కానీ ఈ కార్తీకం వానలు మొదలయ్యేసరికి మనసంతా పోయిన కార్తీకంలో ఒక రాత్రి మీదికే పోతా ఉంది. ఆ రాత్రి గురించి పిల్లలకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పానే కానీ, మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈరోజు మీకు చెప్తాను.

కర్రి అని మాకొక కుక్క ఉంది. మీలో చాలామందికి తెలుసు. జాతి కుక్క కాదు, ఊరకుక్కే. ఒళ్ళంతా నలుపు, గుండెల మీద మాత్రం అరచెయ్యంత తెలుపు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది గుర్తుందా? పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, రోడ్లు తెగిపోయినాయి, మనమంతా ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాం. ఆ వారంలో మా మెట్ల మీదికి తడిసి ముద్దయి వచ్చిన పిల్ల అది. అప్పటికి మా ఆయన పోయి ఏడాది. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉండేది. ఆ పిల్ల వచ్చాక పొద్దున్నే లేవడానికి నాకొక పని దొరికింది. అంతకుమించి చెప్పను. అట్లాంటి ఇల్లు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి, ఎనిమిదిన్నర దాటింది. పగలంతా వాన, అప్పుడే కాస్త తెరిపిచ్చింది. కరెంటు లేదు. మా ఇంటి వెనక వామి ఉంది, వామి అవతల కయ్యలు. కర్రి వామి దగ్గర మొరుగుతా ఉంది. మామూలు మొరుగుడు కాదు, గొంతు మారింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు వినపడింది. కుక్కరు ఆవిరి వదిలినట్టు, బుస్సుమని, ఆగకుండా. నేను లాంతరు తీసుకుని పోయేసరికి కర్రి మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ నాకెదురొచ్చింది. ముందు ఎడమకాలు పైకెత్తి పట్టుకుంది. కాలి మీద రెండు చుక్కల రక్తం. అంతే. రెండు చుక్కలు.

కేకేశాను. ఎవరిని పిలిచానో నాకే తెలియదు. వచ్చిందెవరయ్యా అంటే, కాలవ గట్టు మీద ఉండే యానాది తాత. కయ్యల్లో ఎలకలు పట్టే మనిషి. మా గెనేల మీద ఆయన నడవని రోజు లేదు. వచ్చీ రాగానే వామి కింద టార్చి వేసి చూశాడు. "పింజరి టీచరమ్మా. రక్తపింజరి. ఈపున మూడు వరసలు చుక్కలుండాయి సూడు" అన్నాడు. పక్కింటి అబ్బాయి కర్ర తీసుకొచ్చాడు. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని కొడతా కూసుంటే కుక్క పోతాది. దాన్నొదిలెయ్యి, దీన్నెత్తుకో" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. నా మాట కోసం కాదు, రేపు మీలో ఎవరికైనా అవసరపడుతుంది. నేను పైట చెంగు చింపి కాలికి బిగించి కట్టబోయాను. తాత వద్దన్నాడు. తర్వాత డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కట్టు కట్టకూడదు. కోయకూడదు. నోటితో పీల్చకూడదు. పసరు పోయకూడదు. పామును చంపి సీసాలో వేసుకుని పోవాల్సిన పని లేదు. మనిషైనా, పశువైనా, కుక్కైనా కదలకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పోవడమే. పింజర విషం కాలి కండను తినేస్తుంది. కట్టు బిగిస్తే ఆ విషమంతా ఒకేచోట నిలిచి, కాలే పోతుంది. గుర్తుంటుందా? పిల్లలూ, ముందు వరసలో ఉన్నవాళ్ళు, మీకు గుర్తుంటుందా?

పగలైతే మనకు పశువుల ఆసుపత్రి ఉంది. 1962 నంబరు ఉంది. 2022లో మన రాష్ట్రంలో నియోజకవర్గానికి ఒకటి లెక్కన 175 బండ్లతో మొదలుపెట్టారు, ఊళ్ళోకే వచ్చి గేదెలకు, గొర్రెలకు వైద్యం చేస్తారు. ఆ రాత్రి నాకు ఆ నంబరు కూడా గుర్తు రాలేదు. బుచ్చిలో పాలు పోసి తిరిగొస్తున్న ఆటో ఒకటి కనపడింది. చెయ్యి అడ్డం పెట్టాను. "నెల్లూరు పోవాలి నాయనా, కుక్కను పాము కరిచింది" అన్నాను. ఆ అబ్బాయి పాల క్యాన్లు మా అరుగు మీద దించేసి, "ఎక్కమ్మా" అన్నాడు. ఎంతిస్తావని అడగలేదు. తాత కర్రిని గోనెపట్టా మీద వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను రమ్మనలేదు. ఆయనే ఎక్కాడు.

పదిహేను కిలోమీటర్లు. మామూలు రోజుల్లో అదొక దూరమా? ఆ రాత్రి కోవూరు ఎప్పుడొస్తుంది, పెన్న వంతెన ఎప్పుడొస్తుంది అని చీకట్లోకి చూస్తా కూర్చున్నాను. కర్రి మూతి నుంచి చొంగ, దాంట్లో సన్నగా ఎర్రటి చార. నెల్లూరు చేరాక రెండు చోట్ల తలుపులు వేసున్నాయి. మూడోచోట దీపం వెలుగుతా ఉంది. అదొక చిన్న క్లినిక్కు. ముందు గదిలో ఒక పొడుగు బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ఒంగోలు గిత్త బొమ్మ. లోపల తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివొచ్చిన ఒక డాక్టరమ్మ, ఆమెకు ఒక కాంపౌండరు. మా పెద్దమ్మాయి వయసుంటుంది ఆ డాక్టరమ్మకు.

అప్పటికే అక్కడ జనం ఉన్నారు. ఒక కాలేజీ అమ్మాయి, నర్సింగు చదువుతోంది, తువ్వాలులో చుట్టిన పిల్లితో కూర్చుంది. మగపిల్లి, పొద్దున్నుంచి మూత్రం పోవడం లేదు. మగపిల్లులకు అది ప్రాణం మీదికి వచ్చే సంగతని నాకప్పుడే తెలిసింది. ఒక భార్యాభర్తలు, వాళ్ళ లాబ్రడార్‌కు మూడో రోజు సెలైను ఎక్కుతా ఉంది, గోమార్ల వల్ల వచ్చే జ్వరం. మేం పోయిన కాసేపటికి పొదలకూరు వైపు నుంచి ఒక గొర్రెల పెద్దాయన వచ్చాడు, చిన్న ట్రాలీ బండిలో ఈనలేక అల్లాడుతున్న గొర్రెను వేసుకుని. మన నెల్లూరు జాతే, జోడిపి, కళ్ళ చుట్టూ మూతి చుట్టూ నల్ల మచ్చలు.

వాళ్ళెవరి పేర్లూ మీకు చెప్పడం లేదు. దాచిపెట్టి కాదు. ఆ రాత్రి మాకెవరికీ పేర్లు లేవు. చీటీలో కూడా డాక్టరమ్మ 'కర్రి' అనే రాసింది. నేను కర్రి వాళ్ళమ్మను. ఆ పిల్ల పిల్లి అమ్మాయి. వీళ్ళు లాబ్రడార్ వాళ్ళు. ఆయన గొర్రెల పెద్దాయన. తెల్లారేదాకా అవే మా పేర్లు.

నేను తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే, లాబ్రడార్ వాళ్ళాయన లేచి నిలబడ్డాడు. "పాముకాటా? ముందు వీళ్ళను చూడండి డాక్టరుగారూ, మా వాడికి ఏం తొందర లేదు" అన్నాడు. పిల్లి అమ్మాయి కూడా జరిగింది. ఆ పిల్ల వంతు అది. ఆమె పిల్లి కూడా చావుబతుకుల్లోనే ఉంది. అయినా జరిగింది.

డాక్టరమ్మ కర్రి కాలి నుంచి కొంచెం రక్తం తీసి, శుభ్రమైన కొత్త గాజుగొట్టంలో వేసి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. "ఇరవై నిమిషాలు దీన్నెవరూ కదిలించొద్దు" అంది. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డ కట్టి ఉంటే అప్పటికి పింజర విషం రక్తంలోకి ఎక్కలేదని అర్థం. నీళ్ళలాగా జారితే ఎక్కిందని అర్థం. ఇంత పెద్ద సంగతిని తేల్చడానికి ఒక గాజుగొట్టం, ఒక గడియారం చాలు. మనుషులకూ ఇదే పరీక్ష. పిల్లి అమ్మాయి, "మాకూ నేర్పించారు మేడం, నేను టైం చూస్తాను" అని ఫోన్లో గంట పెట్టింది.

ఇరవై నిమిషాలు. మీరెప్పుడైనా ఇరవై నిమిషాలు ఒక గాజుగొట్టాన్ని చూస్తా కూర్చున్నారా? నేను వణుకుతున్నాను. తడిసిన చీర, పైగా భయం. లాబ్రడార్ వాళ్ళావిడ తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది. నా పక్కన కూర్చుని, "దీనికెన్నేళ్ళు అక్కా?" అని అడిగింది. మూడేళ్ళన్నాను. "ఏం తింటుంది?" పెరుగన్నం ఇష్టమన్నాను. "పడుకునేటప్పుడు ఎట్లా పడుకుంటుంది?" నేను చెప్తా ఉన్నాను. నాలుగు కాళ్ళూ ఒకవైపు పెట్టి, ముక్కును తోకలో దూర్చుకుంటుందని చెప్పాను. చెప్పేకొద్దీ వణుకు తగ్గింది. ఆమె అందుకోసమే అడుగుతోందని నాకు తర్వాత తెలిసింది.

మీరొక్కసారి ఆలోచించండి. మన బస్సుల్లో పక్కన కూర్చున్నవాళ్ళు ముందేం అడుగుతారు? ఏ ఊరు? ఎవరి తాలూకు? ఇంటిపేరేంది? మూడు ప్రశ్నల్లో మన పుట్టుపూర్వోత్తరాలు తేల్చేస్తారు. మనమూ అడుగుతాం. అడగని వాళ్ళెవరో చెప్పండి. ఆ గదిలో తెల్లారేదాకా ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ఏమైంది దానికి? ఎప్పటి నుంచి తినలేదు? నీళ్ళన్నా తాగిందా? ఇవే ప్రశ్నలు. ఎవరి చేతుల్లో ఏ ప్రాణం ఉందో అదే వాళ్ళ ఇంటిపేరు. అరవై రెండేళ్ళ వయసులో అట్లాంటి చోట నేను కూర్చోవడం అదే మొదటిసారి.

గంట మోగింది. డాక్టరమ్మ గొట్టం వంచింది. నీళ్ళలాగా జారింది.

ఆమె దగ్గర విరుగుడు మందు రెండు సీసాలే ఉన్నాయి. ఆ మందు పొడి రూపంలో ఉంటుంది, సీసాకు పది మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, సెలైనులో వేసి నరానికి ఎక్కిస్తారు. మొదటి రెండూ వెంటనే మొదలుపెట్టింది. ఒళ్ళు దద్దుర్లు పొంగితేనో, ఊపిరి బిగిస్తేనో వెయ్యడానికి ఇంకో ఇంజెక్షన్ సిద్ధంగా పక్కన పెట్టుకుంది. "ఇంకా కావాలి. ఇవి చాలవు" అంది. చిన్న కుక్కే కదమ్మా, రెండు చాలవా అని నేనే అడిగాను. "పాముకు చిన్నా పెద్దా తెలియదు మేడం. గేదెకు ఎంత విషం వేస్తుందో దీనికీ అంతే వేస్తుంది. చిన్న ఒంట్లో అదే విషం ఉంటే ఇంకా ప్రమాదం. మందు తగ్గించకూడదు" అంది. చిన్నపిల్లలకు కూడా ఇదే లెక్కంట. తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎవరో పెద్దాసుపత్రిలో అడుగుదాం అన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "సర్కారు ఆసుపత్రిలో ఉండేది మనుషుల కోసం. ఈ వానల్లో ఏ కయ్యలో ఎవరిని కరుస్తుందో. అక్కడ అడగొద్దు, బయట షాపుల్లో కొనుక్కొద్దాం" అని చీటీ రాసిచ్చింది. ఆమె అట్లా అన్నందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. నా బిడ్డలాంటి కుక్క లోపల పడుంది, అయినా ఆ మాట సరైనదే అనిపించింది.

నా పర్సులో మూడు వేల నాలుగు వందలున్నాయి. అంతా తీసి ఇచ్చాను. లాబ్రడార్ వాళ్ళాయన, మా ఆటో అబ్బాయి ఇద్దరూ పోయారు. పొగతోటంతా తిరిగారు. మీకు తెలుసు కదా, ఆసుపత్రులన్నీ అక్కడే, రాత్రంతా తెరిచుండే మందుల షాపులూ అక్కడే. ఒకచోట, "కుక్కకా?" అని చీటీ వెనక్కి ఇచ్చేశారంట. మూడుచోట్ల లేవన్నారు. చివరికి ఒక చిన్న షాపులో, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు లోపలికి పోయి వెతికి వెతికి ఆరు సీసాలు తెచ్చాడంట. డబ్బు సరిపోలేదు. లాబ్రడార్ వాళ్ళాయన తన జేబులోది వేశాడు. ఇంకా తగ్గింది. "రేపు ఇవ్వండి సార్, ముందు పొండి" అన్నాడంట ఆ కుర్రాడు. ఆ అబ్బాయి మొహం నేను చూడలేదు. చూసి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. ఈలోగా గొర్రెల పెద్దాయన గొర్రెకు డాక్టరమ్మ పురుడు పోసింది. పిల్ల అడ్డం తిరిగింది. గంటసేపు కష్టపడింది ఆ అమ్మాయి, మోచేతిదాకా గ్లౌజు వేసుకుని, నేల మీద కూర్చుని. పిల్ల బతకలేదు. తల్లి బతికింది. పెద్దాయన చచ్చిపోయిన పిల్లను కండువాలో చుట్టి, బండిలో పెట్టి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. పోయి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు.

అప్పుడేమయిందంటే, క్లినిక్కులో సెలైను స్టాండ్లు రెండే. ఒకటి లాబ్రడార్‌కు, ఒకటి పిల్లికి. గొట్టం పెట్టి మూత్రం తీశాక దానికీ సెలైను పెట్టారు. మొదటి సీసా అయ్యేదాకా కర్రి సెలైను కాంపౌండరు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడేమో అతన్ని గొర్రె దగ్గరికి పిలిచారు. పెద్దాయన వచ్చి, తన చేతికర్ర చివర ఉన్న కొక్కేనికి సెలైను సీసా తగిలించి, ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. చేతికర్రంటే తెలుసుగా, కొమ్మలు వంచి గొర్రెలకు ఆకు రాల్చే కర్ర. ఎంతసేపు నిలబడ్డాడు? నేను చూస్తూనే ఉన్నాను, గంటకు పైనే. కూర్చో పెద్దాయనా, కిటికీకి కడదాం అని నేనంటే, "ఉండనీమ్మా. నా చేతుల్లో ఏందో ఒకటి ఉండాల ఇప్పుడు" అన్నాడు.

నేనింక ఏమీ అనలేదు. మీరైతే ఏమనగలరు?

ఇంతసేపూ యానాది తాత ఎక్కడున్నాడు? ఇది చెప్పడానికే నేనింత దూరం వచ్చాను. తాత గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పది గంటల నుంచి నిలబడే ఉన్నాడు. చూరు నీళ్ళు వీపు మీద పడతా ఉంటే కాస్త పక్కకు జరిగి, మళ్ళీ అక్కడే. నేను చూశాను. చూసి కూడా నాకేమీ తోచలేదు. ఎందుకంటే మా ఇంటికొచ్చినా ఆయన అట్లాగే గడప బయటే నిలబడతాడు. నాకది కొత్త కాదు.

కొత్త సీసాలు కలుపుతా డాక్టరమ్మ మాకు ఆ మందు సంగతి చెప్తా ఉంది. గుర్రాలకు కొంచెం కొంచెంగా పాము విషం ఎక్కిస్తారంట. గుర్రం ఒంట్లో దానికి విరుగుడు పుడుతుందంట. గుర్రం రక్తం నుంచి దాన్ని తీసి ఈ పొడి చేస్తారంట. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఈ ఒక్క మందే. అప్పుడు తాత గడప దగ్గర నుంచి అడిగాడు. "మరి ఇసం ఎవురు తీస్తారమ్మా?"

డాక్టరమ్మ చేస్తున్న పని ఆపి ఆయన వైపు చూసింది. "చెన్నై పక్కన ఇరుళవాళ్ళు తీస్తారు తాతా. పాములు పట్టడం వాళ్ళ తాతల నాటి విద్య. 1978లో వాళ్ళే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పడతారు, విషం తీసుకుంటారు, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. మన దేశంలో ఈ మందు తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం వాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది" అని చెప్పింది.

"మాలాంటోళ్ళే" అన్నాడు తాత.

"మీలాంటివాళ్ళే తాతా. ఈరోజు ఇది పింజరని మీరు చెప్పబట్టి నాకు సగం పని తగ్గింది" అంది డాక్టరమ్మ.

అప్పుడు పిల్లి అమ్మాయి బల్ల మీద కూర్చున్న మమ్మల్ని చూసి, "కొంచెం జరగండి, తాత కూర్చుంటాడు" అంది. ఎంత మామూలుగా అంది. బస్సులో సీటు సర్దుకున్నట్టు అంది. మేమంతా జరిగాం. నేనూ జరిగాను. తాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ మనిషి నాకు తెలుసు. మా ఆయన పోయిన రోజు కాలవ గట్టు మీద కట్టెలు మోసింది ఆయనే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజు, మా వసారాలో కుర్చీ లాగి కూర్చోమని నేననలేదు. ముప్పై మూడేళ్ళు పిల్లలకు మనుషులంతా ఒక్కటేనని పద్యాలు చెప్పాను. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల, ఆయనెవరో ఏమీ తెలియని పిల్ల, జరగండి అంది. నాకు ఏడుపొచ్చింది. అందరూ కర్రి కోసం ఏడుస్తున్నాననుకున్నారు. అందుకోసం కూడా ఏడ్చాను, నిజమే. కానీ ఆ నిమిషాన వచ్చిన ఏడుపు వేరు. ఈ మాట మీ అందరి ముందు చెప్పాలని ఏడాదిగా అనుకుంటున్నాను.

రెండు గంటలప్పుడు లాబ్రడార్ వాళ్ళావిడ ఇంటికి పోయి, పెద్ద గిన్నెలో పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, ఫ్లాస్కులో టీ తెచ్చింది. విస్తళ్ళు లేవు. చేతుల్లో ముద్దలు పెట్టింది. డాక్టరమ్మకు కూడా, ఆమె చేతులకు తీరిక లేకపోతే నోట్లోనే పెట్టింది. గొర్రెల పెద్దాయన ముందు వద్దన్నాడు. తాత, "తిను సామీ, తల్లిని ఇంటికి తీసుకుపోవాల గదా" అంటే తిన్నాడు. గోడ మీద ఒంగోలు గిత్త గురించి మాటలొచ్చినాయి. మన గిత్తలు సముద్రాలు దాటి బ్రెజిల్ పోయినాయని, ఆ రోజుల్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి అక్కడ ఆ జాతిని ఈనాటికీ 'నెలోర్' అనే పిలుస్తారని డాక్టరమ్మ చెప్పింది. "అంత దూరం పోయి బతికినాయా!" అని తాత ఆశ్చర్యపోయాడు. చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు.

ఐదు గంటలకు మళ్ళీ రక్తం తీశారు. మందు ఇచ్చిన ఆరు గంటలకు మళ్ళీ చూడాలంట. విషం విరిగాక, గడ్డ కట్టించే పదార్థాలను కాలేయం మళ్ళీ తయారు చేసుకోవడానికి అంత సమయం పడుతుంది. మళ్ళీ కొత్త గాజుగొట్టం, మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. ఆటో అబ్బాయి కూడా పోలేదు, పాల క్యాన్లు మా అరుగు మీదే ఉన్నాయి, పొద్దున పాలు పొయ్యాలి, అయినా పోలేదు. డాక్టరమ్మ గొట్టం వంచింది. కదల్లేదు. ఇంకా వంచింది. గడ్డ గొట్టానికి అతుక్కుని అట్లాగే ఉంది. పిల్లి అమ్మాయి నన్ను కావలించుకుంది. పెద్దాయన కర్రను గోడకు ఆనించి, అప్పుడు కూర్చున్నాడు.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. పింజర విషం మూత్రపిండాలను కూడా దెబ్బ తీస్తుంది కాబట్టి మూడు రోజులు అక్కడే ఉంచి పరీక్షలు చేశారు. కాలి మీద అరచెయ్యంత చర్మం ఊడిపోయింది, నెలన్నర కట్లు కట్టించాం. ఇప్పుడక్కడ వెంట్రుకలు రాలేదు కానీ పరిగెత్తుతుంది.

లాబ్రడార్ వాళ్ళకి డబ్బులు తిరిగివ్వబోతే ఆవిడ ఏమందో తెలుసా? "స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకున్నారనుకోండి టీచరమ్మా. మళ్ళీ మీరూ ఒకరికి రొట్టె వదలండి" అంది. మన నెల్లూరువాళ్ళకి ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదు కదా. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి అట్లాంటి రొట్టెనే ఇంకొకరికి వదులుతారు. హిందువులా ముస్లిములా అని అక్కడ ఎవరు చూస్తారు? నేను మందుల షాపు కుర్రాడి బాకీ తీర్చి, అక్కడే ఇంకో నాలుగు సీసాలు కొని డాక్టరమ్మ దగ్గర పెట్టి వచ్చాను. పోయిన నెల పోతే రెండే కనపడినాయి. ఎవరికి వాడారని అడగలేదు.

తాత సంగతి అడుగుతున్నారా? చెప్తాను. ఇంటికొచ్చిన రోజే వసారాలో కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. "ఉండనీ టీచరమ్మా" అని మెట్టు మీదే కూర్చున్నాడు. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. పద్దెనిమిదేళ్ళు నేను వెయ్యని కుర్చీ, నేను వేసిన రోజే వచ్చి ఎందుకు కూర్చోవాలి? నేను తీసెయ్యలేదు. మా బంధువులు ఒకరిద్దరు మొహం అదోలా పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం కర్రి పోయి ఆ కుర్చీ కింద పడుకుంది. కట్టు మార్చాలి, వంగితే నడుం పట్టేసి ఆయన ఆ కుర్చీలో కూర్చుని దాని కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి కూర్చుంటున్నాడు. నేనూ ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. పాముల గురించి, ఎలకల గురించి, ఏ కలుగులో ఏముంటుందో ఆయన చెప్తే నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. అదొక పుస్తకమంత అయింది. వారోత్సవాల్లో పుస్తకం గురించి మాట్లాడమన్నారు కాబట్టి, వచ్చే ఏడు ఆ నోటుబుక్కు తీసుకుని, తాతను కూడా రమ్మని అడుగుతాను. వస్తే ఆయనే మాట్లాడతాడు.

మిగతావాళ్ళ ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి. ఫోన్లో ఇప్పటికీ 'పిల్లి అమ్మాయి', 'గొర్రెల పెద్దాయన' అనే ఉన్నాయి. పేర్లు తెలిశాక కూడా మార్చలేదు. దీపావళి ముందు పెద్దాయన ఫోన్ చేశాడు. బాగుండావా అని నన్ను తర్వాత అడిగాడు. "కర్రి కాలెట్టుండాది?" అన్నది మొదటి మాట. ఆ గొర్రె మళ్ళీ సూడి మీదుందంట. ఈ నెలాఖరుకు ఈనుతుందంట. ఈసారి వాన పడే లోపలే ముందుగా తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించాడంట, పిల్ల సరిగ్గానే తిరిగి ఉందని చెప్పిందంట. ఈనగానే ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చెయ్యలేదు. అందుకే, ఏమీ అనుకోకండి, ఇంతసేపూ ఫోన్ ఆపకుండా ఈ బల్ల మీదే పెట్టుకున్నాను.